బతికున్న ప్రాచీన పగడాల నుంచి నమూనాలు తీయవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కడపలో ఒక డిగ్రీ కళాశాలలో భూగర్భశాస్త్రం బోధిస్తాను. మాకు సముద్రం దగ్గర కాదు. మా పిల్లల్లో చాలామంది దాన్ని మొదటిసారి చూసేది కళాశాల విహారయాత్రలోనే. అయినా పాత వాతావరణాల పాఠం వచ్చిన ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు చేయెత్తి, వందల ఏళ్లుగా బతుకుతున్న ప్రాణికి మన అవసరం కోసం రంధ్రం వేయడం న్యాయమేనా సార్ అని అడుగుతారు. గంట కొట్టేలోపు చెప్పే జవాబు ఆ ప్రశ్నకు సరిపోదు. అందుకని విద్యార్థులు, వారి ఇళ్లలోని పెద్దలు, కర్నూలు, అనంతపురం కళాశాలల్లో పనిచేసే మిత్రులు ఇన్నేళ్లలో అడిగిన ప్రశ్నలను ఒకచోట చేర్చి, నేను నమ్మే జవాబులు రాశాను.

పగడం అంటే ఉంగరంలో పెట్టుకునే రాయి కదా? దానికి ప్రాణం ఉంటుందా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో కుజుడి కోసం కొనే ఎర్ర పగడం కూడా ఒకప్పుడు ప్రాణి కట్టుకున్న గట్టి భాగమే. మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జాతి పగడపు జీవుల అస్థిపంజరాన్ని కోసి, సానబెట్టి, నవరత్నాల్లో ఒకటిగా అమ్ముతారు. అయితే ఇక్కడ మనం మాట్లాడుకునేది ప్రధానంగా ఉష్ణమండల సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాల గురించి, ఆ తరువాత లోతు సముద్రంలో చెట్టులా కొమ్మలు వేసే నల్ల పగడాల గురించి.

దిబ్బలు కట్టే పగడంలో ప్రాణం ఉన్నది పైపొరలోనే. పాలిప్ అనే చిన్న జీవులు వేలు, లక్షలుగా పక్కపక్కనే అతుక్కుని, తమ కణజాలంలో సూక్ష్మ శైవలాలకు (కంటికి కనపడని నాచు జీవులకు) చోటిచ్చి, అవి సూర్యరశ్మితో తయారుచేసిన ఆహారం పంచుకుంటూ, తమ కింద కాల్షియం కార్బొనేట్‌ను పొరలు పొరలుగా పేరుస్తాయి. పోరైటిస్ అనే గుండ్రాయి ఆకారపు పగడంలో ఆ సజీవమైన పొర మందం కొన్ని మిల్లీమీటర్లే. దాని కింద ఉన్నదంతా ప్రాణం వదిలేసి పైకి జరిగిపోయిన పాత ఇల్లు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటుకు తవ్వే సున్నపురాయీ, ఈ పాత ఇల్లూ రసాయనికంగా ఒకటే పదార్థం. తేడా అల్లా, ఒకదాని మీద ఇంకా చర్మం బతికి ఉంది.

ఒక పగడం నిజంగా వందల ఏళ్లు బతుకుతుందా?

బతుకుతుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో గూల్‌బూడి దీవి దగ్గర 2021లో వివరంగా కొలిచిన ఒక పోరైటిస్ వెడల్పు 10.4 మీటర్లు, ఎత్తు 5.3 మీటర్లు. దాని వయసు 421 నుంచి 438 సంవత్సరాల మధ్య ఉంటుందని లెక్కగట్టారు. అక్కడి మూలవాసులైన మన్‌బర్రా ప్రజలు దానికి తమ భాషలో ‘పెద్ద పగడం’ అనే అర్థంతో ముగా ధంబి అని పేరు పెట్టారు. అమెరికన్ సమోవాలోని తాఊ దీవి దగ్గర ఉన్న మరొకటి 500 ఏళ్లు దాటినదని అంచనా. హవాయి దగ్గర 300 నుంచి 500 మీటర్ల లోతులో దొరికిన లియోపాథిస్ అనే నల్ల పగడం వయసు రేడియోకార్బన్ పద్ధతిలో 4,265 సంవత్సరాలుగా తేలింది. ఆ ఫలితం 2009లో ప్రచురితమైంది.

ఇక్కడ వయసు అనే మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమానును చూసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. ఊడలు దిగి మానులయ్యాయి, ఆ మానుల కొమ్మల నుంచి మళ్లీ ఊడలు దిగాయి. ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ నీడలో ఏ మాను ఎన్నేళ్లదని అడిగితే ఒక్కో మానుకు ఒక్కో జవాబు చెప్పాలి, మర్రి ఎన్నేళ్లదని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే. పగడమూ అంతే. ఈరోజు పైన ఉన్న పాలిప్‌లు నాలుగు వందల ఏళ్ల నాటివి కావు, కానీ అవి తెగకుండా సాగిన ఒకే వంశపు సంతానం, ఒకే జీవనం. మనం గౌరవించవలసింది ఆ తెగని కొనసాగింపును.

అసలు అంత పాత పగడం నుంచి ఏం తెలుస్తుంది?

పోరైటిస్ ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక కాలంలో దట్టంగా, మరొక కాలంలో పలచగా పేరుకునే ఆ పొరలు ఎక్స్‌రే కింద చెట్టు వలయాల్లా కనిపిస్తాయి. ఇవి వార్షిక పొరలేనని 1972లో పసిఫిక్‌లోని ఎనెవెటాక్ అటోల్ (ఉంగరం ఆకారపు పగడపు దీవి) పగడాల ద్వారా నిర్ధారణ అయింది. అక్కడ జరిగిన అణుపరీక్షల రేడియోధార్మికత ఫలానా ఏళ్ల పొరల్లో చిక్కుకుని ఉండటంతో, ఆ గుర్తుల మధ్య పొరలు లెక్కపెట్టి ఏళ్లతో సరిచూడగలిగారు. అంత విధ్వంసం మిగిల్చిన గుర్తే ఆ పొరల తేదీలకు సాక్ష్యమైంది.

పొర వయసు తెలిశాక దాని రసాయనం మాట్లాడుతుంది. నీరు చల్లగా ఉన్నప్పుడు అస్థిపంజరంలో కాల్షియంతో పోలిస్తే స్ట్రాన్షియం పాలు పెరుగుతుంది, వేడెక్కితే తగ్గుతుంది. ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) నిష్పత్తి ఉష్ణోగ్రతనూ, ఆ నీటిలో వర్షపు నీరు ఎంత కలిసిందనే సంగతినీ కలిపి చెబుతుంది. నదుల వరదలు తెచ్చే సేంద్రియ పదార్థం అతినీలలోహిత కాంతిలో మెరిసే గీతలుగా మిగులుతుంది. క్వీన్స్‌లాండ్‌లో బర్డెకిన్ నది వరదల చరిత్రను 1984లో అలాగే చదివారు.

రాయలసీమవాసికి ఇది పరాయి విషయం కాదు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడే ధాత నామ సంవత్సరం, మన పెద్దలు ధాత కరువు అని తలచుకునే కాలం మొదలైంది. 1876 నుంచి 1878 దాకా కర్నూలు, కడప, బళ్లారి సీమలను ఆ కరువు ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. ఆ కరువు నడుస్తుండగానే వచ్చిన 1877-78 ఎల్ నినో (పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల నీరు వేడెక్కి మన వానలను తరచూ తగ్గించే పరిస్థితి), తెలిసినవాటిలో చాలా బలమైనది. అప్పటి సముద్రాల్లో ఉష్ణమాపకాలు చాలా తక్కువ. మధ్య పసిఫిక్‌లోని మైయానా అటోల్ పగడం ఒకటి మాత్రం 1840 నుంచి 1995 వరకు తెగకుండా లెక్క రాసుకుంటూనే ఉంది. మన వానలను తెచ్చే, తప్పించే సముద్రాల గతం గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఇలాంటి పగడాల నుంచే వచ్చింది. నైతికత గురించి మాట్లాడేటప్పుడు ఈ లాభాన్ని చిన్నదిగా చూపితే అది నిజాయితీ కాదు.

నమూనా ఎలా తీస్తారు?

బోరు బండిని చూడని రాయలసీమ పిల్లవాడు ఉండడు కాబట్టి ఈ జవాబు నాకు తేలిక. గాలి ఒత్తిడితో గానీ ద్రవ ఒత్తిడితో గానీ తిరిగే డ్రిల్లును నీటి అడుగున గజ ఈతగాళ్లు పట్టుకుని, పగడం నెత్తిన నిలువుగా దించుతారు. బోరు బండి రాతిని పొడి చేసి పైకి ఊదేస్తుంది. ఇక్కడ మాత్రం బోలు గొట్టం లాంటి బిట్ చుట్టూ కోసుకుంటూ దిగి, మధ్యలోని రాతిని చెక్కుచెదరని స్తంభంలా పైకి తెస్తుంది. ఆ స్తంభాన్నే కోర్ అంటారు. అడ్డుకొలత సాధారణంగా 5 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది.

కోర్‌ను ప్రయోగశాలలో నిలువుగా కొన్ని మిల్లీమీటర్ల మందం పలకలుగా కోస్తారు. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో అలాంటి పలకను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. చూడటానికి గోడ సున్నం పెచ్చులా తెల్లగా, తేలికగా ఉంది; వేలితో రాస్తే సన్నటి రంధ్రాల గరుకు తగిలింది; ఎండినా ఒక చివర పచ్చి చేప వాసన వదల్లేదు. ఆ చివరన, పైనుంచి గోరు మందం మేర, లేత ఆకుపచ్చ చార ఉంది. తీసిన రోజున ప్రాణం ఉన్నది అంతవరకే. ఎక్స్‌రే ఫిల్మును దాని పక్కన పెట్టి చూస్తే, ఆ చార కింద నలుపు తెలుపు గీతలు మెట్లలా దిగిపోయాయి. ఒక గీత దగ్గర పెన్సిలుతో మా తాత పుట్టిన సంవత్సరం గుర్తు పెట్టుకున్నాను.

రంధ్రం వేస్తే పగడం చచ్చిపోతుందా?

పద్ధతిగా చేస్తే గుండ్రాయి పగడం సాధారణంగా చావదు. లెక్క చూడండి. అర్ధగోళంలా ఉన్న పగడం అడ్డుకొలత 3 మీటర్లు అనుకుంటే దాని ఉపరితలం సుమారు 14 చదరపు మీటర్లు. 7 సెంటీమీటర్ల రంధ్రం తీసుకునేది దాదాపు 38 చదరపు సెంటీమీటర్లు, అంటే ఉపరితలంలో పదివేల వంతుల్లో మూడు వంతుల లోపే.

అయితే లెక్క ఇంతటితో ముగిసిందని చెప్పేవారితో నేను ఏకీభవించను. మన ఊళ్లలో నీళ్లు పడని బోరును మూత వేయకుండా వదిలేస్తే ఏం జరుగుతుందో మనకు తెలుసు. అక్కడ ప్రమాదం తెచ్చేది గుంత వెడల్పు కాదు, దాన్ని వదిలేసిన తీరు. పగడంలో రంధ్రాన్ని తెరిచి వదిలితే రాతిని తొలిచే స్పంజికలు, పురుగులు, ఆల్చిప్పలు లోపలికి దారి చేసుకుంటాయి. అందుకే ముందే పోతపోసుకున్న సిమెంటు బిళ్లను ఆ రంధ్రంలో దించి, నీటిలో గట్టిపడే ఎపాక్సీతో అతికించి, పై అంచు పగడం ఉపరితలానికి సమంగా ఉండేలా చదును చేయాలి. అప్పుడు చుట్టూ ఉన్న కణజాలం క్రమంగా ఆ బిళ్ల మీదికి పాకి, ఒకటి నుంచి కొన్నేళ్లలో దాన్ని కప్పేస్తుంది. ఒక దిబ్బ మీద వాడిన బిట్‌ను శుద్ధి చేయకుండా మరో దిబ్బ మీద వాడకూడదు. 2014లో ఫ్లోరిడా తీరంలో మొదటిసారి గమనించిన, పగడాల కణజాలాన్ని ఊడదీసే వ్యాధి ఎంత వేగంగా కరీబియన్ అంతా పాకిందో చూసిన తరువాత ఈ జాగ్రత్తను చాదస్తం అనలేం. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడుతున్న కాలంలో అసలు డ్రిల్లు దించకూడదు. తిండి పెట్టే శైవలాలను కోల్పోయి ఆకలితో ఉన్న జీవికి గాయం మాన్పుకునే శక్తి ఎక్కడిది?

మరో మాట. బిళ్ల వేసి వచ్చేస్తే సరిపోదు. ఏడాదికో రెండేళ్లకో తిరిగి వెళ్లి అది మూసుకుందో లేదో చూడటానికి డబ్బు, పడవ, మనుషులు ముందే కేటాయించి ఉండాలి. పరిశోధన నిధులు కోర్ ప్రయోగశాలకు చేరగానే అయిపోవడం ఈ రంగంలో ఉన్న పాత బలహీనత.

పగడానికి నొప్పి తెలుస్తుందా?

పగడానికి మెదడు లేదు. చెదురుగా అల్లుకున్న నాడుల వల మాత్రమే ఉంది. ముట్టుకుంటే ముడుచుకుంటుంది, కానీ మనకు తెలిసిన అర్థంలో అది బాధపడుతుందనడానికి ఆధారం లేదు. కానీ నొప్పి లేనంత మాత్రాన తప్పు లేదనుకోకూడదు. తిమ్మమ్మ మర్రిమానుకు నొప్పి తెలియదని దాని మొదలు కోయడానికి ఎవరూ ఒప్పుకోరు.

పెద్ద చేపలు పగడాన్ని కొరుక్కు తింటాయి కదా, మనిషి చేసే చిన్న రంధ్రమే తప్పయిందా?

నిజమే, నుదుట బొడిపె ఉండే పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదికి 5 టన్నులకు పైగా దిబ్బ పదార్థాన్ని కొరికి ఇసుకగా విడుస్తుంది. కానీ ఆ చేపకు ఆ దిబ్బతో లక్షల ఏళ్ల లావాదేవీ ఉంది. అది కొరికిన చోట మళ్లీ పగడం పడుతుంది, అది విడిచిన ఇసుకతోనే దీవుల తీరాలు నిలబడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అది దిబ్బలోకెల్లా పాతదాన్ని వెతికి ఎంచుకోదు. మనం మాత్రం రికార్డు ఎంత పొడవుంటే అంత మంచిదని పనిగట్టుకుని వృద్ధులనే వెతుకుతాం. ఇక్కడే మన బాధ్యత చేప బాధ్యత నుంచి వేరవుతుంది.

లోతు సముద్రపు నల్ల పగడాలకూ ఇవే నియమాలు వర్తిస్తాయా?

వర్తించవు. చాలామంది ఈ రెండింటినీ కలిపి ఒకే గాటన కట్టేయడం వల్లనే చర్చ దారి తప్పుతోందని నా అభిప్రాయం.

గుండ్రాయి పగడం విశాలమైన రాతి కొండ. అందులో ఒక స్తంభం తీస్తే కొండ మిగులుతుంది. నల్ల పగడం అలా కాదు. అది పొదలా, చెట్టులా ఒక మొదలు మీద నిలబడుతుంది. లియోపాథిస్ మొదలు ఏడాదికి 5 మైక్రోమీటర్ల లోపే లావెక్కుతుంది, అంటే ఒక మిల్లీమీటరు మందం చేరడానికి రెండు వందల ఏళ్లు దాటిపోతాయి. పాత చరిత్ర మొత్తం ఆ మొదలులోనే ఉంటుంది. చిటారు కొమ్మ తుంచితే ఇటీవలి కాలమే దొరుకుతుంది. కాబట్టి పూర్తి రికార్డు కావాలంటే మొదలు దగ్గర అడ్డకోత కావాలి, మొదలు కోస్తే ప్రాణి మిగలదు. అది తిరిగి పెరగడానికి పట్టే కాలం ఏ దేశపు, ఏ ప్రభుత్వపు ఆయుష్షుకంటే కూడా ఎక్కువ.

ఇంకొక చిక్కు ఉంది. వయసు ఎంతో కోసిన తరువాతే తెలుస్తుంది. అమెరికాలోని నెవాడా కొండల మీద 1964లో డొనాల్డ్ కర్రీ అనే యువ పరిశోధకుడు అటవీశాఖ అనుమతితోనే ఒక బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టును కొట్టించారు. వలయాలు లెక్కపెడితే 4,800 దాటాయి. అప్పటికి తెలిసిన చెట్లలో అంత వయసున్నది మరొకటి లేదు. 2006లో ఐస్‌లాండ్ సముద్రంలో పరిశోధన కోసం పట్టిన ఆల్చిప్పల్లో ఒకదానికి 507 ఏళ్లని తరువాత లెక్కతేలింది. అప్పటికే అది చనిపోయి ఉంది. ఈ రెండు పరిశోధక బృందాల్లోనూ దుర్మార్గులు ఎవరూ లేరు. నమూనా తీసే సమయానికి తాము ఏం తీస్తున్నామో వాళ్లకు తెలియదు, అంతే. నల్ల పగడాల విషయంలో ఈ తెలియనితనం ఇక సాకుగా పనికిరాదు, ఎందుకంటే అవి వేల ఏళ్లు బతకగలవని 2009 నుంచి మనకు తెలుసు.

అందువల్ల బతికి ఉన్న నల్ల పగడం మొదలు కోయడాన్ని నేను సమర్థించలేను. చేపల వేట వలల్లో తెగి పైకి వచ్చినవి, సముద్రగర్భాన పడిపోయిన పాత మానులు, ఇంతకుముందే సేకరించి ప్రదర్శనశాలల్లో ఉంచినవి ఉన్నాయి. వాటితో తెలియని సంగతి ఒకటి మిగిలిపోతే, అది కొంతకాలం తెలియకుండానే ఉండనివ్వడం మంచిదని నమ్ముతాను. సహోద్యోగుల్లో కొందరు దీన్ని అతి అంటారు. ఒకే ఒక్క నమూనా సముద్ర చరిత్రలో నాలుగు వేల ఏళ్లు తెరిచిందని గుర్తుచేస్తారు. వాళ్లు చెప్పేది నిజమే. ఆ ఒక్కటి తెరిచిన పుస్తకాన్ని పూర్తిగా చదివారా అన్నదే నా ప్రశ్న.

బతికున్నదాన్ని ముట్టుకోకుండా అదే సమాచారం రాబట్టలేమా?

చాలాసార్లు రాబట్టవచ్చు. పసిఫిక్‌లోని పాల్‌మైరా దీవిలో తుపానులు ఒడ్డుకు విసిరేసిన చచ్చిన పగడపు బండలను యురేనియం-థోరియం పద్ధతిలో కాలనిర్ణయం చేసి, వాటి ముక్కలను ఒకదానికొకటి జోడించి, గడచిన వెయ్యేళ్లలో వేర్వేరు కాలాల ఎల్ నినో చరిత్రను 2003లో రాయగలిగారు. ముగా ధంబి వయసు కోసం దాన్ని తొలవలేదు. ఎత్తును, ఆ ప్రాంతంలో పోరైటిస్ పెరిగే వేగాన్ని బట్టి లెక్కగట్టారు. గ్రేట్ బారియర్ రీఫ్ చుట్టూ సముద్రపు వేడి నాలుగు శతాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా పెరిగిందని 2024లో వచ్చిన ముఖ్యమైన అధ్యయనం 1618 దాకా వెనక్కి వెళ్లింది. దానికి ఆధారం అంతకుముందు దశాబ్దాల్లో తీసి దాచిన కోర్లే.

మన దగ్గర కూడా పోల్చుకోదగిన ఉదాహరణ ఉంది. కర్నూలు సీమలోని వాల్మీకి గుహ నుంచి తీసిన, చుక్కల నీటి సున్నంతో గుహ నేల మీద పెరిగే ఒక స్టాలగ్మైట్‌తో దాదాపు 15 వేల ఏళ్ల నాటి రుతుపవనాల చరిత్రను చదివారు. గుహలో రాతిచెట్టును విరిస్తే దాని మీద కణజాలం పాకి గాయం మానడం ఉండదు. ఆ లెక్కన గుండ్రాయి పగడమే నయం. అందుకే బెలూం గుహల్లో ముందే విరిగి పడి ఉన్న ముక్కలను చూపించి, ముందు వీటిని చదవండి, నిలబడి ఉన్నవాటి జోలికి తరువాత వెళ్లవచ్చని విద్యార్థులకు చెబుతాను. పగడానికీ నేను చెప్పే వరస అదే.

ఇక్కడ నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఒక ప్రయోగశాల స్టోర్‌రూములో చెమ్మ పట్టిన చెక్కపెట్టె తెరిస్తే, అందులో ఒకటిన్నర మీటరు పొడవున్న పగడపు కోర్ మూడు ముక్కలుగా ఉంది. పెట్టె మీద చీటీలో సిరా కరిగి నీలి మరక మాత్రం మిగిలింది. ఏ దిబ్బది, ఏ సంవత్సరం తీశారు, ఏ ముక్క పైది, ఏది కిందిది అని చెప్పగలిగినవారు ఎవరూ లేరు. సుమారు 150 ఏళ్ల సముద్రపు లెక్క అది. ఎవరో ఈతగాడు గంటల తరబడి నీటిలో వేలాడి తీసి ఉంటాడు, ఒక ప్రాణి గాయాన్ని మాన్పుకుని ఉంటుంది, చివరికి అది ఎవరికీ పనికిరాని సున్నపు కడ్డీ అయింది. ఆ రోజు నుంచి నమూనా తీయడంలోని నైతికత అంటే నాకు డ్రిల్లుకంటే ముందు ఆ చీటీ గుర్తుకొస్తుంది.

దిబ్బలు ఎలాగూ చనిపోతున్నాయి. అవి పోయేలోపు వీలైనన్ని కోర్లు తీసి దాచుకుంటే తప్పేమిటి?

ఇది బలమైన వాదన, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నాలుగో ప్రపంచవ్యాప్త పగడాల తెల్లబడటం చరిత్రలోకెల్లా విస్తృతమైనది. ఏడాది తిరిగేసరికి ప్రపంచ దిబ్బల విస్తీర్ణంలో దాదాపు 84 శాతం ప్రాంతం అందుకు కారణమయ్యే స్థాయి వేడిని చవిచూసింది. లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016లలో దెబ్బతిని, 2024లో మళ్లీ తెల్లబడ్డాయి.

అయితే ఈ వాదనలో ఒక లోపం ఉంది. పగడం చనిపోయినంత మాత్రాన దాని అస్థిపంజరంలోని రికార్డు ఆ రోజే చెరిగిపోదు. పైపొర పోయిన తరువాత తొలిచే జీవులు దాన్ని నెమ్మదిగా పాడుచేస్తాయి, కానీ అందుకు కొంత సమయం పడుతుంది. అంటే చనిపోయిన పెద్ద పగడాలను ఎప్పటికప్పుడు గుర్తించి, వాటి నుంచి త్వరగా కోర్లు తీసే ఏర్పాటు ఉంటే, చావబోతుందన్న అనుమానం మీద బతికి ఉన్నదాన్ని తొలవనక్కర లేదు. పైగా మూడు నాలుగు సార్లు తెల్లబడి కూడా నిలదొక్కుకున్న వృద్ధ పగడం ఆ దిబ్బకు విత్తనంలాంటిది. వేడిని తట్టుకునే గుణం ఎక్కడైనా ఉంటే అలాంటివాటిలోనే ఉండాలి, వాటిని చివరిదాకా వదిలేయాలి.

జన్యు పరీక్షకు గోరంత ముక్క చాలు కదా, దానికీ ఇంత చర్చ అవసరమా?

గాయం విషయంలో అవసరం లేదు. చిన్న ముక్క తీసిన చోట కణజాలం త్వరగానే కమ్ముకుంటుంది. చర్చ అవసరమయ్యేది ఆ ముక్క నుంచి వచ్చే జన్యు సమాచారం ఎవరిదన్న దగ్గర. 2010 నాటి నగోయా ఒప్పందం, మన దేశపు 2002 జీవవైవిధ్య చట్టం జీవవనరుల మీద స్థానికుల హక్కును గుర్తించాయి. ఏ దేశానికీ చెందని నడిసముద్రాల కోసం 2023లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2026 జనవరిలో అమలులోకి వచ్చింది. లోతు సముద్రపు పగడాల్లో కొన్ని ఇప్పుడు దాని పరిధిలోకి వస్తాయి.

మన దేశంలో అనుమతి ఎవరివ్వాలి?

దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఎంత రక్షణ ఉందో వాటికీ అంతే. పరిశోధన కోసమైనా కేంద్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదంతో ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు అనుమతి ఇవ్వాలి. ఉల్లంఘిస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. నమూనాను విదేశీ ప్రయోగశాలకు పంపాలంటే అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ప్రకారం ఎగుమతి పత్రాలూ కావాలి. అండమాన్ వెళ్లిన మా విద్యార్థులు ఒడ్డున దొరికిన తెల్ల ముక్కను గుర్తుగా బ్యాగులో వేసుకురావడం కూడా నేరమే, దయచేసి అలా చేయవద్దు.

చట్టం ఇచ్చే అనుమతి ఒక ఎత్తు, ఆ నీటిలో బతికేవారి సమ్మతి మరొక ఎత్తు. నెవాడాలో ఆ చెట్టు కొట్టడానికి కాగితాల మీద అనుమతి ఉందని పైన చెప్పాను. దీవిలోని జాలరులకు ఒక పెద్ద పగడం దారి గుర్తు కావచ్చు, చేపలు గుడ్లు పెట్టే చోటు కావచ్చు, తాతల నాటి పేరు ఉన్న బండ కావచ్చు. తిమ్మమ్మ మర్రిమాను నుంచి ఎవరైనా నమూనా తీస్తామంటే కదిరి ప్రాంత ప్రజలను అడగకుండా, వారి భాషలో వివరించకుండా వీలవుతుందా? సముద్రంలోనూ అంతే మర్యాద పాటించాలి, వచ్చిన ఫలితాన్ని తిరిగి వెళ్లి వాళ్లకు చెప్పాలి.

మా అవ్వ ఇచ్చిన పగడపు ఉంగరం వేసుకోవచ్చా?

ఈ ప్రశ్న మొదట అడిగింది ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి. అడిగేటప్పుడు చేయి బల్ల కింద దాచుకుంది. వేసుకో అమ్మా అన్నాను. అవ్వ వేలి నుంచి మనవరాలి వేలికి వచ్చిన రాయి కొత్తగా ఏ ప్రాణినీ అడగడం లేదు. కొత్తది కొనేటప్పుడు మాత్రం, ఆ ఎర్ర పగడం ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే లావెక్కుతుందని గుర్తుంచుకోవాలి. నగల కోసం తవ్వినదానితో పోలిస్తే శాస్త్రం కోసం తీసింది చాలా తక్కువ. అంతమాత్రాన మన శాస్త్రానికి మినహాయింపు దొరకదు.

ఎలాంటి ప్రతిపాదనకు మీరు సరే అంటారు?

ముందుగా ప్రశ్నను చూస్తాను. పాత కోర్లతోగానీ, చచ్చిన పగడంతోగానీ దానికి జవాబు దొరకదని పరిశోధకుడు పేర్లతో సహా చూపించగలగాలి. వెతికాము, దొరకలేదు అన్న ఒక్క వాక్యం చాలదు. తరువాత ఎంపిక చూస్తాను. 150 ఏళ్ల పగడంతో తీరే అవసరానికి 400 ఏళ్లదాన్ని ఎంచుకుంటే తిప్పి పంపాలి. తీసిన కోర్‌లో సగం పలకను కోయకుండా భద్రపరచాలి, ఎందుకంటే ముప్పై ఏళ్ల తరువాత ఈ పలకను ఇప్పుడు మనం ఊహించలేని పద్ధతిలో చదువుతారు; 1970లలో తీసిన కోర్లను ఈనాటి పరికరాలతో చదువుతున్నవారికి ఈ మాట విలువ తెలుసు. సిమెంటు బిళ్లను మళ్లీ వచ్చి చూసే తేదీ ప్రతిపాదనలోనే రాసి ఉండాలి. కొలతలన్నీ నిర్ణీత గడువులో అందరికీ తెరిచి ఇవ్వాలి. ఇవన్నీ ఉంటే, కోర్ తీయడాన్ని నేను సంతోషంగా సమర్థిస్తాను.

సముద్రం లేని ఊళ్లో ఉండి మా విద్యార్థులు ఈ విషయంలో చేయగలిగిన పని ఏదైనా ఉందా?

ఉంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఓఏఏ నడిపే పురావాతావరణ భాండాగారంలో ప్రపంచమంతటి పగడాల కొలతలు ఉచితంగా దొరుకుతాయి. 2023లో వెలువడిన కోరల్‌హైడ్రో2కె సంకలనం వాటిలో చాలావాటిని ఒకే పద్ధతిలో సర్ది పెట్టింది. పోయిన సంవత్సరం మా మూడో ఏడాది పిల్లలు ముగ్గురు హిందూ మహాసముద్రపు పగడాల లెక్కలు దించుకుని, అనంతపురం వర్షపాతపు పాత రికార్డుల పక్కన పెట్టి, ఏ కరువు ఏడాది సముద్రం ఎలా ఉందో గీతలు గీశారు. అందులో కొన్ని ఏళ్లు కలిశాయి, కొన్ని కలవలేదు. కలవని ఏళ్ల జాబితాను ఈ సంవత్సరం వచ్చిన పిల్లలకు ఇచ్చాను.